వాళ్లూ మనుషులే!

నవంబర్ 16 అంతర్జాతీయ సహన దినోత్సవం. ఆ రోజు సభలో మాట్లాడే బాధ్యత నా మీద పెట్టారు. పెట్టింది నేనే. విశాల హృదయం గురించి చెప్పడానికి నాకంటే తగినవాడు కనబడలేదు. వెతికినా దొరకడని వెతకలేదు.

ప్రసంగానికి మాటలు కావాలి కదా, ముందు మాటల పెట్టె తెరిచాను. పైనే ఉంది సహనం. ఇందులో గొప్పతనం ఏమిటంటే, అవతలివాడి స్థానం ఏమిటో విడిగా చెప్పక్కర్లేదు. మనం సహించేవి ఏవి? పంటినొప్పి, ఎండ, దోమలు, ఉపన్యాసాలు. ఆ వరసలో ఐదోవాడుగా తోటి మనిషిని నిలబెట్టి "నిన్ను సహిస్తున్నాను" అంటే ఎంత మర్యాద! ఇంగ్లిషువాళ్ల టాలరెన్స్ కూడా ఇదే బాపతు. దాని లాటిన్ మూలానికి భరించడమనే అర్థం. అన్నీ బరువు మోసేవాడి మాటలే. మూటను ఎవరడుగుతారు?

తర్వాత విశాల హృదయం. అసలు గుండె గుప్పెడంత ఉంటుంది. అంతకు మించి పెరిగితే డాక్టర్లు సన్మానం చెయ్యరు, మందులు రాస్తారు. ఔదార్యం మంచిదే, కాకపోతే ఇచ్చే చెయ్యి పైన, పుచ్చుకునే చెయ్యి కింద ఉండాలి. లేకపోతే జారిపోతుంది. బ్రాడ్ మైండెడ్ గురించి చెప్పేదేం లేదు. ముందు "మేం చాలా" అని తగిలించకుండా ఎవరూ దాన్ని వాడగా నేను వినలేదు.

కలుపుగోలుతనం ఒక్కటే నన్ను ఇబ్బంది పెట్టింది. చూడ్డానికి అమాయకంగా ఉంది గానీ, ఆరా తీస్తే కలుపుకోవాలంటే మనమూ వెళ్లి కలవాలట! సహనంలో ఈ గొడవ లేదు. కుర్చీలోంచి లేవకుండా ఎంతసేపైనా సహించవచ్చు. అందుకని దాన్ని పెట్టె అడుగుకి తోసేశాను.

ఈ దినోత్సవానికి మూలం 1995లో ఇదే తేదీన యునెస్కో దేశాలు ఆమోదించిన ప్రకటన. తీరా చదివితే కడుపు మండింది. సహనమంటే రాయితీ ఇవ్వడం కాదట, దయతలచడం కాదట, పోనీలే అని వదిలెయ్యడమూ కాదట. నా దగ్గరున్న సరుకంతా ఆ మూడే! అవి తీసేశాక సభలో నేను ఏం చూపించాలి?

అశోకుడు ఇంతకంటే టెన్షన్ పెట్టాడు. సందర్భం లేకుండా సొంత మతాన్ని పొగడొద్దు, పక్కవాళ్ల మతాన్ని తెగడొద్దు, నోరు అదుపులో పెట్టుకోండి అని తన పన్నెండో శిలాశాసనంలో చెక్కించాడు. ఆ రెండూ మానేస్తే పెద్దమనుషులు కలుసుకుని ఏం మాట్లాడుకోవాలి, వాతావరణమా? అదృష్టం కొద్దీ ఆ బ్రాహ్మీ లిపి చదివేవాళ్లే కొన్ని శతాబ్దాలపాటు లేకుండా పోయారు. 1830లలో జేమ్స్ ప్రిన్సెప్ అనే ఆయన పనిగట్టుకుని చదివేదాకా అందరం హాయిగానే ఉన్నాం. చదివాక కూడా పెద్దగా నష్టపోలేదనుకోండి.

నా మనసెరిగిన చట్టం మాత్రం 1649లో దొరికింది. అప్పట్లో ఇంగ్లండు వలసగా ఉన్న అమెరికాలోని మేరీల్యాండ్‌లో మత సహన చట్టం చేశారు. ఏసును నమ్మే ఎవరినీ వారి మతాచరణ కోసం వేధించకూడదు. మతం పేరు పెట్టి తిడితే జరిమానా. ఎంత చల్లటి చట్టమో చూడండి. అందులోనే, ఏసు దైవత్వాన్ని గానీ, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడనే త్రిత్వాన్ని గానీ కాదన్నవాడికి మరణశిక్ష అని కూడా రాశారు. ఇదీ కొలత తెలిసిన సహనం! నలభై ఏళ్లకి, 1689లో, ఇంగ్లండు కూడా ఓ సహన చట్టం చేసి కాథలిక్కులను దాని గుమ్మం బయటే నిలబెట్టింది. గుమ్మం లేకుండా ఇల్లెవరు కట్టుకుంటారు?

ఈ పెద్ద మాటలన్నీ సభకి. ఇంటి దగ్గర నా విశాల హృదయమంతా చిన్న చిన్న అక్షరాల మీదే నడిచిపోతుంది.

ఉదాహరణకి "వాళ్లు మనుషులు" అనండి. అందులో విశేషం ఏముంది? కాకులు నల్లగా ఉంటాయన్నట్టు ఉంది. ఇప్పుడు "వాళ్లూ మనుషులే" అని చూడండి. ఒక దీర్ఘం, ఒక ఏకారం. అంతే! ఎక్కడో కింద ఉన్నవాళ్లను చెయ్యి పట్టి మెట్లెక్కించినట్టు లేదూ? ఆ మెట్ల మీద నేను నిలబడి ఉన్నట్టు కూడా తెలుస్తోంది కదా? ఖర్చు మాత్రం అరసెకను ఊపిరి. ఇంత చవగ్గా దొరికే ఔదార్యం ఇంకోటి లేదు.

'ఐనా' కూడా అక్కరకొచ్చేదే. మా పక్కింట్లో కొత్తగా దిగినాయన గురించి ఎవరడిగినా "వాళ్ల మనిషైనా చాలా మంచివాడండీ" అంటాను. ఆ 'ఐనా' తీసేస్తే "చాలా మంచివాడు" అని మిగులుతుంది. అందులో ఆయనొక్కడే కనిపిస్తాడు. మరి నేనెక్కడ?

వీటన్నిటినీ మించింది మేము. వినేవాణ్ణి లోపలికి పిలిస్తే మనం, బయట నిలబెడితే మేము. ఇంగ్లిషులో రెంటికీ కలిపి 'వుయ్' ఒక్కటే. పాపం, ఎవరిని బయట పెడుతున్నారో వాళ్లు ప్రత్యేకంగా నోరు విప్పి చెప్పుకోవాలి. మనకా అవస్థ లేదు, తలుపు వ్యాకరణమే వేసిపెడుతుంది.

మొన్న గేటు దగ్గర పక్కింటాయన కనబడితే, ధైర్యం చెబుదామని "మీరేం మొహమాటపడకండి, మేం అందరినీ మనవాళ్లే అనుకుంటాం" అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి, "ఆ మేం ఎవరండీ?" అన్నాడు.

ఎందుకడిగాడో అర్థం కాలేదు. భాష సరిగా పట్టుబడలేదేమో అని సహించాను. పైగా సభకి రమ్మని పిలిచాను. ముందు వరసలో, అందరికీ కనిపించేలా కుర్చీ వేయిస్తానన్నాను. నేను ఎలా సహిస్తానో జనానికి చూపించాలంటే ఎదురుగా ఒక మనిషుండాలి కదా. ఆ రోజు వాళ్లమ్మాయికి పరీక్ష ఉందట, రావడం కుదరదన్నాడు.

చూశారా, మనం ఇంత చేసినా కలవరు. వాళ్లతో వచ్చిన చిక్కే ఇది.