మెరక మడి

కోనసీమలో సైటు ఇంజనీరు సివిల్ చదివి వస్తాడు గానీ చేసేది నీళ్ళ కాపలా.

పునాది గొయ్యి నాలుగడుగులు దిగిందో లేదో ఊట మొదలవుతుంది. ఆయిలింజను తెచ్చి బిగిస్తారు. గోతిలో ఒక మూల అడుగున్నర లోతు గుంట తీసి, నీళ్ళన్నీ అందులోకి చేర్చి, గొట్టం ఒక కొసనుండే ఫుట్‌వాల్వు అక్కడే ముంచమంటాడు ఇంజనీరు. మేస్త్రి అక్కడిదాకా బాగానే వింటాడు. గొట్టం రెండో కొస ఎక్కడ వదలాలన్నది మాత్రం చెవికెక్కదు. గోతికి ఆరడుగుల అవతల, కొబ్బరిచెట్టు మొదట్లో వదిలేస్తాడు. ఆ నీళ్ళు ఇసక పొరలోంచి మళ్ళీ గోతిలోకే వస్తాయి. పొద్దుటినించీ తోడిన నీళ్ళే తోడటం. డీజిలు తగ్గుతుంది, నీళ్ళు తగ్గవు, చెట్టొక్కటే కళకళ్ళాడుతుంది. పోనీ బోదెలోకి వదులుదామంటే పక్క చేను రైతు గట్టుమీద కొచ్చి నిలబడతాడు. 1852 నాటికే ధవళేశ్వరం దగ్గర గోదారికి ఆనకట్ట కట్టేసిన కాటన్ దొర విగ్రహం సెంటర్లో ఉంటుంది. సాయంత్రం బండిమీద ఇంటికెళ్తూ ఇంజనీరు అటు తలెత్తి చూడడు.

ఇదంతా ఒక ఎత్తు, స్లాబు రోజు ఒక ఎత్తు.

వెయ్యి చదరపుటడుగులు, అయిదంగుళాల మందం, సిమెంటు, ఇసక, కంకర 1:1½:3 పాళ్ళు. దగ్గర దగ్గర 95 బస్తాల సిమెంటు. తడిమీద ఆ స్లాబు బరువు 30 టన్నుల దాకా ఉంటుంది. అదంతా మోయాల్సింది సరుగుడు కర్రలు. ప్రతి కర్ర కిందా పలకముక్క వెయ్యాలి, లేకపోతే మెత్తటి పూడిక మట్టిలోకి దిగిపోతుంది. ముందురోజు ఇంజనీరు రెండుసార్లు చెప్పాడు. "ఆయ్, పెట్టేత్తామండి" అన్నాడు సెంట్రింగు మేస్త్రి. గోదావరి జిల్లాల్లో ఆ 'ఆయ్'కి విన్నామని అర్థం. చేస్తామని కాదు.

రాత్రి జల్లు పడింది. ముహూర్తం తెల్లవారుజామున 4:40కి. కొబ్బరికాయ కొట్టారు, కాంక్రీటు కలిపే మిల్లరు తిరిగింది. స్లంపు, అంటే కలపు ఎంత జారుగా ఉందో చూద్దామని ఇంజనీరు కోను నింపి, పొరకి పాతికసార్లు కడ్డీతో పొడిచి, మెల్లిగా పైకి తీశాడు. 75 నించి 100 మిల్లీమీటర్లు కుంగాలి. పెసరట్టులా పరుచుకుంది.

"ఏంటయ్యా ఇది? బస్తాకి పాతిక లీటర్లే అన్నాను కదా?"

"పాతికే పోశానండి బాబూ, ఒట్టు! మిగతాది ఇసకలోనే ఉందండి, నాదేం లేదు."

చిక్కేమిటంటే, అతను చెప్పింది నిజమే. ఇసకలో అయిదు శాతం తడి ఉంటే బస్తా కలపులో నాలుగు లీటర్ల నీళ్ళు దాంతోపాటే వచ్చిపడతాయి. పైగా తడిసిన ఇసక ఉబ్బుతుంది గనక పెట్టె నిండినట్టే ఉంటుంది, లోపల ఇసక తక్కువ. ఆ నాలుగూ తగ్గించి 21 పొయ్యాలి. అంత గట్టిగా కలిపితే తట్టలోంచి జారదని మేస్త్రి బాధ. ఇంజనీరు అటు తిరగ్గానే ఒక మగ్గు, ఇటు తిరగ్గానే ఇంకో మగ్గు. చివరికి నీళ్ళ డ్రమ్ము పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవాల్సొచ్చింది.

డ్రమ్మును కాపలా కాశాడు గానీ నైరుతి మూల కర్రల్ని ఎవరు చూశారు? రాత్రి జల్లుకి ఆ మూలే బురదైంది. పొయ్యకముందు లెవెల్ పైపు పట్టి చూస్తే మట్టం అద్దంలా ఉంది. అప్పటికి మీద బరువు లేదుగా! పైన చదునుకి బద్ద లాగి మేస్త్రి దిగిపోయాక, అక్కడి నాలుగు కర్రలూ చప్పుడు చెయ్యకుండా దిగాయి. పలకముక్కలు మాత్రం మెట్ల కింద భద్రంగా పేర్చి ఉన్నాయి.

మర్నాడు క్యూరింగు. స్లాబుమీద నాలుగడుగుల కొకటి చొప్పున పేద గచ్చుతో రెండంగుళాల గట్లు కట్టి, మళ్ళు చేసి నీళ్ళు నింపారు. మామూలు సిమెంటైతే కనీసం ఏడు రోజులు, బూడిద కలిసిన పీపీసీ అయితే పది రోజులు ఆరనివ్వకూడదు. మూడోరోజున ఇంటాయన నాన్నగారు పంచె ఎగ్గట్టి నిచ్చెనెక్కారు. యాభయ్యేళ్ళు వరి పండించిన మనిషి. ఈశాన్యం మళ్ళు ఎండి తెల్లబడ్డాయి, నైరుతి మడి పొర్లుతోంది. చేతులూరుకోవుగా! తాపీ అందుకుని, ఎండిన మళ్ళకి నీళ్ళు పారతాయని వరసగా గట్లన్నిటికీ గండ్లు కొట్టారు. నడిమి మళ్ళలో ఉన్న కాస్తా బుడబుడమంటూ నైరుతికే పోయింది.

ఇంజనీరు పైకొచ్చేసరికి పెద్దాయన నీళ్ళలో వేలుపెట్టి లోతు చూస్తున్నారు.

"దమ్ము సరిగ్గా పట్టలేదు బాబూ. ఇది మెరక, అది పల్లం. అంగుళం పైనే ఉంది తేడా."

"సరిచేసేద్దామండీ. పైన గచ్చు వేసేటప్పుడు వాలు కలిపేస్తాం, నీళ్ళు నిలవవు."

"నీళ్ళ సంగతి కాదయ్యా..." అని ఆయన మాట పూర్తిచెయ్యకముందే కింద వాకిట్లోంచి ఇంటావిడ గొంతు వినిపించింది.

"ఏంటి మావయ్యా? నైరుతి పల్లమా?"