మేపుల్ కొట్టేసి మునగ నాటమనే మెసేజీకి జవాబు

ఏటా మార్చి వచ్చేసరికి అమెరికాలోని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక పొడవాటి మెసేజీ తిరుగుతుంది. కింద రాసినవాళ్ల పేరు ఉండదు. సారాంశం ఇది: బ్యాక్‌యార్డ్‌లో మేపుల్ చెట్టు, దాని నీడలో రెండు వారాలు పూసి పోయే ట్రిలియం లాంటి అడవి పూలు దండగ. మేపుల్ కొట్టించి మునగ నాటండి. చలికాలంలో మొదలు చుట్టూ గడ్డి కప్పితే చాలు. అంతగా పూలు కావాలంటే పక్క అడవిలోంచి ట్రిలియం తవ్వి తెచ్చుకోండి, లోకల్ మొక్కే కాబట్టి దానంతట అదే బతుకుతుంది.

మేముండేది ఒహాయోలో, కొలంబస్ దగ్గర. ఇక్కడ ఈ మెసేజీ చదివి చెట్టు కొట్టించడానికి రేట్లు కనుక్కున్నవాళ్లు నాకు తెలుసు. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

"చెట్టు మొదలు చుట్టూ మందంగా గడ్డి కప్పితే మునగ మళ్లీ చిగురిస్తుంది."

ఎక్కడ? హ్యూస్టన్‌లోనో ఫ్లోరిడాలోనో అయితే నిజమే. అక్కడ అప్పుడప్పుడు ఫ్రాస్ట్ (గడ్డకట్టే మంచు) పడి పై కొమ్మలు చచ్చినా, నేలలో వేరు బతికి ఉంటుంది కాబట్టి ఎండలు ముదిరేసరికి మళ్లీ లేస్తుంది. కొలంబస్ సంగతి వేరు. ఏ ఊళ్లో ఎంత చలి పడుతుందో చెప్పే అమెరికా వ్యవసాయ శాఖ మ్యాపులో ఇది 6బి జోన్. అంటే చలికాలంలో అత్యంత చల్లటి రాత్రి సగటున మైనస్ 18 నుంచి మైనస్ 21 డిగ్రీల సెల్సియస్ దాకా దిగుతుంది. మునగ పుట్టిల్లు మన ఉత్తరాదిన హిమాలయాల కింది మెట్టనేలలు. దాని వేరు లావుగా, మెత్తగా, నీరు నిండి ఉంటుంది. నేల గడ్డకట్టి, మళ్లీ కరిగి, నెలల తరబడి చల్లటి తేమలో ఉంటే ఆ వేరు కుళ్లిపోతుంది. గడ్డి కప్పితే నాలుగైదు డిగ్రీలు కాపాడుతుందేమో, ఇరవై డిగ్రీలు కాపాడదు. క్రిస్మస్ లైట్లు చుట్టమనే సలహా కూడా వింటుంటాం. కరెంటు బిల్లు తప్ప దాంతో పెరిగేదేమీ లేదు.

అలాగని ఇక్కడ మునగ పెంచకూడదని కాదు. పెద్ద కుండీలో, వేసవి ఆకుకూరగా పెంచండి. మార్చి చివర ఇంట్లో గింజ పెడితే రెండు వారాల్లోపు మొలుస్తుంది. మే నెల మధ్యలో ఫ్రాస్ట్ భయం పోయాక బయట, రోజంతా ఎండ తగిలే చోట పెట్టాలి. రెండడుగులు ఎదగగానే తల తుంచితే పక్క కొమ్మలు వేస్తుంది. ఆషాఢానికి పప్పులోకి ఆకు వస్తుంది. అక్టోబరులో ఆకు దూసుకుని, కుండీని గడ్డకట్టని గరాజ్‌లోకి లాగి, నీళ్లు దాదాపు మానేయాలి. చలికాలంలో మొక్క చచ్చేది ఎక్కువగా ప్రేమతో పోసే నీళ్లవల్లే.

"ఆరు నెలల్లో ములక్కాడలు."

తమిళనాడులోని పెరియకుళంలో తయారైన పీకేఎం-1 రకం గురించి ఈ మాట. ఏడాదిలోపే కాపుకొచ్చే రకమే అది. కానీ ఆ ఆరు నెలలు అక్కడి ఎండల్లో లెక్క. కొలంబస్‌లో ఫ్రాస్ట్ లేని కాలం మొత్తం అయిదున్నర నెలలు. కాడలు ఇండియన్ స్టోర్లో కొనుక్కోవడమే.

"పాలకన్నా 17 రెట్లు కాల్షియం, నారింజకన్నా 7 రెట్లు విటమిన్ సి."

ఇందులో చిన్న గారడీ ఉంది. 17 రెట్లు అనేది ఎండబెట్టిన పొడి లెక్క, 7 రెట్లు అనేది పచ్చి ఆకు లెక్క. మెసేజీ రెండూ కలిపేసింది. ఆకు ఎండబెడితే నీరు పోయి కాల్షియం చిక్కబడుతుంది, కానీ విటమిన్ సి చాలావరకు పోతుంది. రెండూ ఒకే చెంచాలో దొరకవు. పైగా బరువుకు బరువు పోల్చారు. 100 గ్రాముల పాలలో దాదాపు 120 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. దానికి 17 రెట్లంటే 100 గ్రాముల పొడిలో సుమారు 2,000. పెద్ద చెంచాడు పొడి 8 గ్రాములనుకుంటే వచ్చేది 160 మిల్లీగ్రాములు. గ్లాసు పాలు తాగితే 290 దాకా వస్తుంది. మునగాకు మంచి ఆకుకూర, అందులో అనుమానం లేదు. దాన్ని మందు చేయనక్కర్లేదు.

"ట్రిలియం రెండు వారాలు పూసి పోతుంది, ఆ చోటు వృథా."

రెండు మూడు వారాలు పూస్తుంది, నిజమే. ఏప్రిల్ చివర తెల్లగా విచ్చి, రాలేముందు గులాబీ రంగుకు తిరుగుతుంది. కానీ ఆ చోటు వృథా ఎలా అవుతుంది? మేపుల్ ఆకు తొడగకముందు నేల మీద ఎండ పడే కొద్ది వారాల్లోనే ఈ మొక్క లేచి, పూసేస్తుంది. మే గడిచేసరికి పైన ఆకు కమ్మేస్తుంది, కింద నీడ. ఆ నీడలో మునగ పెడితే సన్నగా సాగి వాలిపోతుంది. అంటే ఈ రెండు మొక్కలకూ అసలు పోటీయే లేదు. ఒకటి డెక్ మీద ఎండలో కుండీలో ఉండేది, ఇంకోటి చెట్టు కింద నేలలో ఉండేది. ఆ రెంటినీ ఒకే చోటు కోసం పోటీకి దించి, మధ్యలో మేపుల్ మెడమీద గొడ్డలి పెట్టమనడం ఏం తెలివో నాకర్థం కాదు. జూలైలో పడమటి ఎండ గోడకు తగలకుండా ఆపేది ఆ చెట్టే. ఆ పని కుండీలో మునగ చేయలేదు.

"అడవిలోంచి తవ్వి తెచ్చుకోండి, ఫ్రీ."

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించిన మాట ఇది. స్టేట్ పార్కుల్లో, నేచర్ ప్రిజర్వుల్లో మొక్కలు తవ్వడం నిషేధం. పట్టుబడితే జరిమానా సంగతి అటుంచి, ఒక్క మొక్క వెనక ఎన్నేళ్లుంటాయో చూడండి. ట్రిలియం గింజకు చీమలు ఇష్టపడే చిన్న కొవ్వు ముద్ద అంటుకుని ఉంటుంది. చీమలు దాన్ని పుట్టకు మోసుకెళ్లి, ముద్ద తిని గింజను వదిలేస్తాయి. మొదటి చలికాలం తర్వాత గింజ వేరు మాత్రమే వేస్తుంది. ఆకు పైకి కనబడడానికి రెండో చలికాలం దాటాలి. పువ్వు పూయడానికి ఏడేళ్లు, ఒక్కోసారి పదేళ్లు. మారేడు దళంలా కాడ చివర మూడే ఆకులు, వాటి నడుమ ఒక్క పువ్వు. పువ్వుతోపాటు ఆ ఆకులు కూడా తెంపితే ఆ ఏడాది దుంపకు తిండి అందదు. కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది, కొన్ని చచ్చిపోతాయి కూడా. ఒహాయో 88 కౌంటీల్లోనూ ఉందని తెల్ల ట్రిలియాన్ని రాష్ట్ర అడవి పువ్వుగా ఎంచుకున్నారు. కెనడాలో ఒంటారియో అయితే 1937లోనే తమ పువ్వు చేసుకుంది. ఎక్కడపడితే అక్కడ ఉంది కదా అని తలా ఒకటి తవ్వితే ఆ మాట ఎక్కువ కాలం నిలవదు.

కొనండి. కొనేటప్పుడు గింజ నుంచి పెంచారా అని అడగండి. అడవిలోంచి తెచ్చి ఏడాదిపాటు కుండీలో ఉంచి నర్సరీ మొక్క అని అమ్మేవాళ్లున్నారు. ఏడేళ్లు పెంచిన మొక్క మరీ చవగ్గా దొరుకుతోందంటే అనుమానించాల్సిందే.

"లోకల్ మొక్క, ఏమీ చూడక్కర్లేదు."

జింకలు చదివితే సంతోషించే వాక్యం ఇది. తెల్లతోక జింకలకు ట్రిలియం అంటే ప్రాణం, మన ఇళ్ల కాలనీల్లో (సబ్‌డివిజన్లలో) వాటికి కొదవా లేదు. ఏప్రిల్ మొదట్లో మొలక కనబడగానే చుట్టూ నాలుగడుగుల ఎత్తు వైరు జాలీ బిగించండి. పూత అయిపోయినా ఆకు తనంత తాను పసుపుబారేదాకా తీయొద్దు. ఆకురాలు కాలంలో మేపుల్ ఆకుల్ని అక్కడ ఊడ్చేయకుండా వదిలేయండి, దానికి కావలసిన ఎరువు అదే. గార్లిక్ మస్టర్డ్ అనే యూరప్ కలుపు మొక్క అక్కడ కనబడితే గింజ కట్టకముందే వేరుతో సహా పీకి, సంచిలో కట్టి చెత్తలో పారేయండి. కంపోస్టులో వేస్తే వచ్చే ఏడాది మళ్లీ మొలుస్తుంది.