‘లేదు’ అంటే ఎంత లేదు?

నీటి పరీక్ష రిపోర్టులో థాలేట్ల పేరు పక్కన ‘గుర్తించలేదు’ అని ఒక్క మాట ఉంటుంది. చదివినవారు హమ్మయ్య అనుకుంటారు. ఆ మాటను అంత తేలిగ్గా నమ్మడానికి లేదు.

ప్లాస్టిక్‌ మెత్తగా వంగడానికి కలిపే రసాయనాలే థాలేట్లు. పీవీసీకి ఇవి రసాయనికంగా అతుక్కోవు, మధ్యలో ఇరుక్కుని ఉంటాయంతే. అందుకే మెల్లగా నీళ్లలోకీ నూనెలోకీ దిగిపోతాయి. సౌందర్య సాధనాల్లోనైతే కావాలనే కలుపుతారు: సెంటు త్వరగా ఎగిరిపోకుండా డైఈథైల్ థాలేట్, గోళ్ల రంగు పెచ్చులూడకుండా ఒకప్పుడు ఎక్కువగా డైబ్యుటైల్ థాలేట్ కలిపేవారు. లేబుల్‌పై ‘పరిమళం’ అన్న పదం చాటున ఇవి దాక్కోవచ్చు. వీటిలో కొన్ని హార్మోన్ల పనిని చెడగొడతాయని జంతువులపై ప్రయోగాల్లో తేలింది. ఐరోపా సమాఖ్య డైబ్యుటైల్ థాలేట్‌నూ, డీఈహెచ్‌పీ అనే మరో థాలేట్‌నూ సౌందర్య సాధనాల్లో నిషేధించింది కూడా.

తాగునీటిలో డీఈహెచ్‌పీకి అమెరికా పెట్టిన హద్దు లీటరుకు 6 మైక్రోగ్రాములు. 25 లక్షల లీటర్లు పట్టే ఈతకొలనులో మూడు టీస్పూన్లు కలిస్తే చాలు, ఆ హద్దు చేరినట్టే.

అంత కొంచెం ఉన్నా పట్టే యంత్రాలున్నాయి. గ్యాస్ క్రోమటోగ్రఫీతో విడదీసి, మాస్ స్పెక్ట్రోమీటర్‌లో అణువును ముక్కలు చేసి తూస్తే, చాలా థాలేట్లకు గ్రాఫ్‌లో 149 బరువు దగ్గర గీత లేస్తుంది. చిక్కంతా ల్యాబుతోనే. చేతి గ్లవ్స్, పిపెట్ కొన, సీసా మూత లోపలి పొర, ద్రావకం, గాలిలో దుమ్ము... అన్నిట్లోనూ థాలేట్లే. శుద్ధమైన నీళ్లు పెట్టినా గీత లేస్తుంది. దొంగ అడుగుజాడలు వెతుకుతూ పోలీసు తన బూట్ల అచ్చుల మీదే కేసు రాసుకున్నట్టు. అందుకే పని తెలిసినవారు గాజు సామాను 400 డిగ్రీల దగ్గర కాలుస్తారు, ప్లాస్టిక్‌ను దగ్గరికి రానివ్వరు, ప్రతి బ్యాచ్‌తో శాంపిల్ లేని ‘బ్లాంక్’ ఒకటి నడుపుతారు.

బ్లాంక్‌లోనే 2 మైక్రోగ్రాములు వస్తుంటే, శాంపిల్‌లో 3 వచ్చిందన్న కబురుకు విలువెంత? యంత్రం 10 కన్నా తక్కువను చూడలేనిదైతే, ‘గుర్తించలేదు’ అన్న మాటకు 6 హద్దు ముందు అర్థమేముంది? మొదటిది లేని భయం పుట్టిస్తుంది, రెండోది లేని ధైర్యం ఇస్తుంది. రెండోదే ఎక్కువ ప్రమాదమని మా అభిప్రాయం.

శ్రద్ధ ఉంటే ఏమవుతుందో 2011లో తైవాన్‌లో తెలిసింది. ప్రభుత్వ ల్యాబులో ఒక పొడిలో వేరే మందుల కోసం వెతుకుతుంటే గ్రాఫ్‌లో కొత్త గీత కనబడింది. మనకెందుకులే అని వదిలేయలేదు. తీగ లాగితే డొంకంతా కదిలింది: పానీయాలు చిక్కగా కనబడటానికి వాడే పదార్థంలో డీఈహెచ్‌పీ కలుపుతున్నారు.

నీటిపైనా, క్రీములపైనా ఇచ్చే ప్రతి రిపోర్టులో పరీక్ష ఎంతవరకు పట్టగలదో, బ్లాంక్‌లో ఎంత వచ్చిందో తప్పక అచ్చువేయాలన్న నిబంధన రావాలి. ఖర్చు పెరుగుతుందన్న సాకు చెల్లదు. పరీక్ష సరిగ్గా చేసిన ల్యాబు నోటుబుక్కులో ఆ అంకెలు ఇప్పటికే ఉంటాయి. రిపోర్టులో రెండు వరుసలు పెరుగుతాయి, అంతే.