పదికి పది ఉంటేనే గృహప్రవేశం

టెక్సస్‌లో, డాలస్‌కి ఉత్తరాన, ఫ్రిస్కో, ప్రాస్పర్ వైపు ఇల్లు కొన్న తెలుగువాణ్ణి "ఇల్లెలా ఉందండీ?" అని అడిగి చూడండి. గదులెన్నో చెప్పడు, వంటగది ఎటుందో చెప్పడు. "టెన్, టెన్, నైన్" అంటాడు. ఆ చివరి నైన్ దగ్గర గొంతు కాస్త తగ్గుతుంది, పెళ్లిచూపుల్లో "అబ్బాయి బీటెక్కే, కాకపోతే రెండు సబ్జెక్టులు మిగిలాయి" అని చెప్పే మేనమామ గొంతులా. వెంటనే సర్దుకుని, "వచ్చే ఏడాదికి అదీ టెన్ అయిపోతుందట" అంటాడు.

ఎలిమెంటరీ, మిడిల్, హైస్కూలు. ఇంటి అడ్రస్‌ని బట్టి పిల్లలకు ఏ మూడు బడులు వస్తాయో, వాటి రేటింగులన్నమాట. అమెరికాలో ఉంటే మీకిది తెలియకపోయే ప్రశ్నే లేదు. ఇండియాలో ఉన్నా, మీ తోడల్లుడు ఈపాటికి చెప్పే ఉంటాడు.

ఈమధ్య ఒక మిత్రుడి కుటుంబంతో ఇల్లు చూడ్డానికి వెళ్లే భాగ్యం నాకూ దక్కింది. బృందంలో భార్యాభర్తలు, విజిటర్ వీసా మీద వచ్చిన అత్తమామలు, రియల్టర్ (మనవాడే, వేరే చెప్పాలా), ఒక ఎక్సెల్ షీట్ ఉన్నారు. అసలు విద్యార్థి కారు సీట్లో నిద్రపోతున్నాడు. వయసు తొమ్మిది నెలలు.

వీధికి ఇటువైపు ఇల్లు తూర్పు ముఖం. ఈశాన్యం ఖాళీ, వంటగది ఆగ్నేయంలో. మామగారు ఫోనులో కంపాస్ పెట్టి రెండుసార్లు చూసుకుని తృప్తిగా తలాడించారు. "కాకపోతే ఎలిమెంటరీ సెవెన్ అండీ" అన్నాడు రియల్టర్, నేలచూపులు చూస్తూ. వీధికి అటువైపు ఇల్లు పడమర ముఖం, పైగా వీధిపోటు. కానీ నైన్. రెండు బడుల సరిహద్దు సరిగ్గా ఆ వీధి నడిమధ్యన పోతోంది.

"ఊరు ఒకటేగా బాబూ?" అన్నారు మామగారు. ఊరు ఫ్రిస్కోనేనండీ, కానీ ఊరు వేరు, స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని బడుల్ని నడిపే స్థానిక సంస్థ) వేరు, ఫ్రిస్కో ఊళ్లోనే కొన్ని ఇళ్లు ప్రాస్పర్ డిస్ట్రిక్ట్ కిందికి, కొన్ని లూయిస్‌విల్, లిటిల్ ఎల్మ్ కిందికి వస్తాయని రియల్టర్ వివరించాడు. "మండలం ఒకటి, నియోజకవర్గం ఒకటి" అని ఆయన ఇట్టే పట్టేశారు. తర్వాత చాలా సహజమైన ప్రశ్న వేశారు: "గుమ్మం ఇటు మార్చుకోవడం తేలికా, సరిహద్దు అటు జరపడం తేలికా?"

గుమ్మానికి కాలనీ అసోసియేషన్ ఒప్పుకోదు. సరిహద్దయితే మారొచ్చని రియల్టర్ ఉత్సాహంగా చెప్పాడు. పిల్లలు పెరిగితే డిస్ట్రిక్ట్‌వాళ్లు కొత్త బడి కట్టి, హద్దులు మళ్లీ గీస్తారట. చెప్పాక నాలిక్కరుచుకున్నాడు. అంటే ఈ బాబు బడికెళ్లే నాటికి తొమ్మిది రేటింగు ఇల్లు ఏడులో పడొచ్చు! హామీ ఏమన్నా ఉందా? లేదు. ఇంటి ప్రకటన కింద చిన్నక్షరాల్లో ఉంటుంది, హద్దులు మారొచ్చు, డిస్ట్రిక్ట్‌తో సరిచూసుకోండి అని. మా మిత్రుడు కారు బానెట్ మీద ల్యాప్‌టాప్ తెరిచి "రీజోనింగ్ రిస్క్" అని ఇంకో కాలమ్ పెట్టాడు.

స్టడీ అవర్స్ ఉంటాయా అని మామగారు, ర్యాంకులెన్ని వచ్చాయని అల్లుడు. టీవీలో ఒకటీ ఒకటీ ఒకటీ, రెండూ రెండూ రెండూ అని అరిచే ప్రకటనలు విని పెరిగిన జాతి, ఎక్కడికెళ్తే మారుతుంది? అత్తగారొక్కరే "ఇంతకీ ఆ బడి ఎక్కడ?" అన్నారు. రెండు వీధుల అవతల. ఎవరూ వెళ్లలేదు. పోయినేడాది ఎంతమంది టీచర్లు మానేశారు, మాటలు ఆలస్యంగా వచ్చే పిల్లాణ్ణి అక్కడ ఎలా చూసుకుంటారు... షీట్లో వీటికి కాలమ్‌లు లేవు.

ఇంతకీ ఈ పది ఎక్కడిది? గ్రేట్‌స్కూల్స్ అని 1998లో కాలిఫోర్నియాలో మొదలైన లాభాపేక్ష లేని సంస్థ ఒకటి ఇచ్చే అంకె. ఇళ్లమ్మే వెబ్‌సైట్లు దాన్ని ధరతో పాటే చూపిస్తాయి. అందులో పెద్ద సరుకు పరీక్ష మార్కులే. పిల్లల మార్కుల్లో తేడాలకు బడికన్నా ఇంటి పరిస్థితులే ఎక్కువ కారణమని సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ కోల్‌మన్ బృందం 1966లోనే అమెరికా ప్రభుత్వానికి నివేదిక ఇచ్చింది. పిల్లలు ఏడాదిలో ఎంత ముందుకెళ్లారన్న లెక్క కూడా రేటింగులో కలుపుతున్నారు, విడిగానూ చూపిస్తున్నారు. దాన్ని నొక్కి చూసిన తెలుగువాడు నాకింకా తగల్లేదు. బడి అవగానే పిల్లల్ని ట్యూషన్ సెంటర్లో కూర్చోబెట్టేది మనమే, ఆ మార్కులతో వచ్చిన పదిని లక్ష డాలర్లు ఎక్కువ పెట్టి కొనేదీ మనమే.

కొనుక్కోండి, మీ డబ్బు. ఆ తర్వాతి ప్రశ్న దగ్గరే నాకు ఒళ్లు మండింది. "క్రౌడ్ ఎలా ఉంటుంది?"

రియల్టర్ జవాబు చెప్పడు. చెప్పకూడదు. ఫలానా వాళ్లున్నారు, వద్దు అని దారి మళ్లించడం 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం కుదరదు. అందుకని నవ్వి, "రేటింగ్ చూసుకోండి సార్" అంటాడు. చూసుకుంటారు. ఏషియన్లు ఎంత శాతం, ఉచితంగానో తక్కువ ధరకో మధ్యాహ్న భోజనం తినే పిల్లలెంత శాతం, అన్నీ ఆ పేజీలోనే ఉంటాయి. రెండో శాతం ఎక్కువుంటే ఆ ఇంటిని జాబితాలోంచి కొట్టేస్తారు. మన నాన్నల్లో ఎంతమంది సంక్షేమ హాస్టళ్లలో ప్రభుత్వం పెట్టిన అన్నం తిని చదువుకోలేదు? ఇవాళ బీద పిల్లాడి పళ్లెం మనకు మచ్చ! ఊళ్లో ఇల్లు అద్దెకిచ్చేముందు "మీరేవిట్లు?" అని మొహం మీదే అడిగేవాళ్లు. ఇక్కడ సిగ్గుపడి అడగక్కర్లేదు, ఫిల్టరుంది.

ఇదే టెక్సస్‌లో, శాన్ ఆంటోనియోలో, ఎడ్జ్‌వుడ్ అనే డిస్ట్రిక్ట్ ఉంది. 1960ల చివర్లో అక్కడ ఒక్కో పిల్లాడి మీద ఏడాదికి పెట్టే ఖర్చు 356 డాలర్లు. అదే నగరంలో డబ్బున్న ఆలమో హైట్స్‌లో 594. బడులకు డబ్బిచ్చే ఇంటి పన్ను రేటు ఎడ్జ్‌వుడ్‌వాళ్లదే ఎక్కువ. ఇళ్లు చౌకవి, అందుకని రాబడి తక్కువ. తల్లిదండ్రులు 1968లో కోర్టుకెక్కారు. 1973లో సుప్రీంకోర్టు ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా విడిపోయి, ఇందులో రాజ్యాంగ విరుద్ధం ఏమీ లేదని తేల్చింది. 2011లో ఒహాయోలోని ఆక్రన్‌లో, తాతగారి అడ్రస్ చూపించి కూతుళ్లని పక్క డిస్ట్రిక్ట్ బడిలో చేర్చినందుకు ఒక నల్లజాతి తల్లి జైలుకెళ్లింది. మనం షీట్ తయారుచేసి అదే పని చేస్తే "రీసెర్చ్" అని మెచ్చుకుంటారు.

ఇంత కష్టపడి పది కొన్నాక కథ అడ్డం తిరుగుతుంది. ప్రతి హైస్కూల్లో పైనున్న పది శాతం పిల్లలకు రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో నేరుగా సీటివ్వాలని టెక్సస్ 1997లో చట్టం చేసింది. ఎడ్జ్‌వుడ్ లాంటి బడుల పిల్లలకూ దారి దొరకాలని. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో ఆ వాటా తగ్గుతూ వచ్చి, 2026 అడ్మిషన్లకు ఐదు శాతమైంది. ర్యాంకు ఎవరి బడిలో వాళ్లకే. అందరూ ట్యూషన్‌కెళ్లే పది రేటింగు బడిలో ఐదు శాతం అంటే మాటలా?

కాబట్టి ఇప్పుడు పొట్‌లక్కుల్లో, అంటే తలో వంటకం తెచ్చుకునే విందుల్లో, కొత్త సలహా నడుస్తోంది. ఎనిమిదో తరగతి దాకా ఇక్కడే చదివించి, హైస్కూలుకి నాలుగో ఐదో రేటింగున్న డిస్ట్రిక్ట్‌కి మారిపోండి, మనవాడు అక్కడ టాపర్ అవుతాడు. క్రౌడ్ సంగతి అప్పుడు ఫర్వాలేదట, నాలుగేళ్లేగా. అక్కడే పుట్టి, ట్యూషన్ మొహం చూడకుండా ఐదు శాతం అంచు దాకా ఎక్కిన పిల్లాడు ఆరో శాతంలోకి జారతాడు. అడిగితే, మెరిట్ అంటారు.