నాలుగు లీటర్ల పార్టీ, రెండు లీటర్ల పార్టీ

కొలనోస్కోపీకి, అంటే గొట్టం కెమెరాతో పెద్దపేగును చూసే పరీక్షకు, ముందు కడుపు కడిగే మందుల్లో ఏది మేలో తేల్చలేక వైద్యలోకం ఏళ్ల తరబడి తలలు బద్దలు కొట్టుకుంటోంది. పాలిఇథిలీన్ గ్లైకాల్ 4 లీటర్లూ తాగాల్సిందేనని ఒక పార్టీ. విటమిన్ సి కలిపింది 2 లీటర్లు చాలని ఇంకో పార్టీ. అన్ని నీళ్లెందుకు, పికోసల్ఫేట్ పొట్లాలు లేవా అని మూడోది. కడిగిన పేగుకు బోస్టన్ స్కేలని మార్కులు కూడా వేస్తారు. పెద్దపేగు మూడు భాగాలకు మూడేసి, మొత్తం 9. దేంట్లోనూ 2కు తగ్గకూడదు. సప్లిమెంటరీ కూడా ఉంది, ఫీజు కట్టి మళ్లీ రాయాలి.

తగవులెన్ని ఉన్నా ఒక మాట మీద అందరూ కలిశారు: సగం ముందురోజు సాయంత్రం, సగం పరీక్షకు నాలుగైదు గంటల ముందు తాగాలి. దివ్యంగా ఉంది. నెల్లూరులో పదింటికి పరీక్ష. ఐదింటికి మన ఉదయగిరి పెద్దాయన ఉండేది పల్లెవెలుగు బస్సులో.

సీసా మూత తీశాడు. పక్కసీటామె, "ఏంది నాయనా, నిమ్మసోడానా?" అంది. ఆత్మకూరు దాకా మర్యాదగానే కూర్చున్నాడు. సంగం దాటాక డ్రైవర్ వెనక చేరాడు.

"ఒక్క నిమిషం ఆపన్నా."

"బుచ్చిలో ఆపుతాంలే, కూర్చో పెద్దాయనా," అన్నాడు కండక్టరు.

"నేను ఆగుతానబ్బయ్యా, అది ఆగదే!"

బుచ్చి బస్టాండులో పాయిఖానా ముందు కుర్చీవేసుకున్నాయన వందనోటుకు చిల్లర లేదన్నాడు. ఈలోగా బస్సు హారన్. "రాండి పెద్దాయనా, లేటవతా ఉండాది!" సగం సీసా సీట్లోనే ఉంది. మిగతా సగం తాగే ధైర్యం ఎవరికుంటుంది?

పదింటికి ఆసుపత్రిలో తీర్పొచ్చింది: "క్లీన్ కాలేదు, సరిగ్గా తాగలేదు. మళ్లీ రండి." తప్పు పేషెంటుదే. చీటీ ఇంగ్లీషులో ఇచ్చిన కౌంటరుది కాదు, టైమిచ్చినవాళ్లది అసలే కాదు. ఏ బాధా లేకపోయినా ముందుగా చూపించుకోండని గోడలకు బోర్డులు కట్టేదీ ఈ ఆసుపత్రివాళ్లే. కడగని పేగులో పాలిప్, అదే పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న కండ, దాక్కుంటుందనీ, వదిలేస్తే కొన్ని పాలిప్‌లు ఏళ్ల మీద క్యాన్సరవుతాయనీ వీళ్లకు తెలీదా?

ఇంకా ఘోరం, నీళ్లెక్కువ తాగలేనన్న ముసలాయన చేతిలో సోడియం ఫాస్ఫేట్ అనే ఇంకో కడిగే మందు సీసా పెట్టడం. అది కిడ్నీలను దెబ్బతీయొచ్చని అమెరికాలో మందుల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌డీఏ 2008లోనే గట్టి హెచ్చరిక పెట్టించింది. ఫ్లోరైడ్ నీళ్లతో బతుకీడ్చిన కనిగిరి మనిషిని కిడ్నీల సంగతి చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ ఎంతుందని ఒక్కమాట అడగరా? నోరు పడిపోయిందా?

దూరం నుంచి వచ్చేవాళ్లకు మధ్యాహ్నం టైమివ్వండి. పొద్దున మందు తాగేందుకు ఓ గదీ, పక్కన పాయిఖానా ఇవ్వండి. జాగా లేదంటారా? లాబీలో చేపల తొట్టికి ఎక్కణ్ణించి వచ్చింది జాగా?