అడ్రస్ అతని ముందే అడగాలా?

ఇప్పుడే ఫ్యామిలీ కోర్టు నుంచి వచ్చాం, నేనూ మా పిన్ని కూతురూ. నాకు ఇంకా కోపంతో చేతులు వణుకుతున్నాయి. ఈరోజు కౌన్సెలింగ్. చెల్లినీ దాని భర్తనీ ఒకే టేబుల్ ముందు పక్కపక్కన కూర్చోబెట్టారు. కౌన్సెలర్ ఫైల్ తిరగేస్తూ అడిగిన మొదటి ప్రశ్న, "ఇప్పుడు ఎక్కడుంటున్నావమ్మా?" అని! అతను జానెడు దూరంలో ఉన్నాడు. నెలన్నరగా చుట్టాలక్కూడా చెప్పకుండా దాచుకున్న హాస్టల్ అది. పిల్ల బిత్తరపోయింది. పెద్దవాళ్ళు అడిగారు కదా అని చెప్పేసింది. గుమ్మం దగ్గర నిలబడి నేను విన్నాను. అతనూ విన్నాడు.

పెళ్ళెప్పుడైంది, పిల్లలెంతమంది, బంగారం ఎవరి దగ్గరుంది, అన్నీ అడిగారు. "ఇతని పక్కన కూర్చోవాలంటే నీకు భయంగా ఉందా?" అని మాత్రం అడగలేదు. సంక్రాంతికి అతను చెల్లి గొంతు పట్టుకున్నాడు. ఒకసారి గొంతు నులిమినవాడితో ప్రాణభయం ఉన్నట్టే. ఆడపిల్ల ఇల్లు వదిలి బయటికొచ్చిన కొత్తలోనే ప్రమాదం ఎక్కువ. రోజూ ఇవే కేసులు చూసేవాళ్ళకు ఇది తెలియదంటే నేను నమ్మను.

1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం ముందు రాజీకి ప్రయత్నించమంటుంది, నిజమే. తొమ్మిదో సెక్షన్. కానీ కేసు స్వభావాన్నీ పరిస్థితుల్నీ బట్టి, వీలైన చోట అని అదే సెక్షన్‌లో ఉంది. ఆ పరిస్థితి ఏమిటో తెలియాలంటే అడగాలి. ఒక్కదాన్నే కూర్చోబెట్టి, తలుపు వేసి అడగాలి. అతన్నీ విడిగా అడగండి, వద్దన్నదెవరు?

చెల్లి డీవీసీ, అంటే గృహహింస కేసు కూడా వేసింది. గృహహింస చట్టానికి 2006లో చేసిన రూల్స్‌లో ఫారం 5 అని ఒకటుంది. సేఫ్టీ ప్లాన్. ప్రొటెక్షన్ ఆఫీసర్ ప్రమాదం ఎంతుందో అంచనా వేసి, బాధితురాలితో మాట్లాడి నింపాలి. ఆమె భయాలేంటో రాయడానికి అందులో చోటు కూడా ఉంది. ఇన్నాళ్ళలో ఆ కాగితం మాకు ఎవరూ చూపించలేదు. ఆస్ట్రేలియా ఫ్యామిలీ కోర్టులో లైట్‌హౌస్ అని ఒక పద్ధతి పెట్టారు. పిల్లల కేసు దాఖలైతే ఎవరి భద్రత ప్రశ్నలు వాళ్ళకు విడిగా పంపుతారు. జవాబులు అవతలివాళ్ళకు చూపించరు. 2020 చివర్లో మూడు చోట్ల మొదలుపెట్టి, 2022లో పదిహేను చోట్లకు పెంచారు. నాలుగు ప్రశ్నలు అడగడానికి మనకు అడ్డమేమిటి?

అసలు ఈ అలవాటు కోర్టులో పుట్టింది కాదు. కోర్టుకి రాకముందు మా ఇంట్లో మూడు పంచాయితీలు అయ్యాయి. మూడుసార్లూ పెద్దమనుషులు నడవాలో కుర్చీలేసుకుని, అతని ఎదురుగానే "నీకేం కష్టమమ్మా, చెప్పు" అన్నారు. ఏం చెబుతుంది? రాత్రికి మళ్ళీ అదే ఇంటికి పోవాలి కదా. అది నోరు మెదపకపోతే, "చూశారా, పెద్ద గొడవేం లేదు" అని తేల్చేశారు. "మగాడన్నాక కోపం ఉంటుంది, సర్దుకో" అని మా మేనమామ చీర పెట్టి మరీ పంపించాడు. ఆ మూడో పంచాయితీ తర్వాత పదకొండు రోజులకు సంక్రాంతి. మామయ్యా, ఇది నువ్వు చదువుతావని తెలిసే రాస్తున్నాను. మెడ మీద ఆ మచ్చలు నువ్వూ చూశావు.

వచ్చే వాయిదాకి కౌన్సెలింగ్ విడిగా చేయమని అర్జీ పెట్టమన్నాం, లాయరు గారు సరేనన్నారు. అది వచ్చే నెల మాట. ఇప్పుడు చెల్లి బట్టలు సర్దుతోంది. రాత్రికే ఆ హాస్టల్ ఖాళీ చేయాలి.