హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఒకే ఒక్క రేస్

రేస్ అంటే మొదటి నుంచి చివరిదాకా యాక్సిలరేటర్ తొక్కిపట్టడమే అనుకుని వచ్చినవాళ్లకు 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున వేరే ఆట కనిపించింది. అది బ్యాటరీ కార్ల ప్రపంచ పోటీ, పేరు ‘ఫార్ములా ఈ’. ఆ కార్లకు పెట్రోలు లేదు. ఆ రోజు రేస్ మొదట్లో ఉన్న చార్జింగ్‌తోనే చివరి లాప్ (ట్రాక్ చుట్టూ ఒక చుట్టు) దాకా లాక్కురావాల్సి వచ్చింది. బ్రేక్ వేసినప్పుడు పుట్టే కరెంటు తిరిగి బ్యాటరీలోకి వెళుతుంది. రేసులో వాడే శక్తిలో 40 శాతానికి పైగా ఇలా వెనక్కి వచ్చేదేనని నిర్వాహకులు చెబుతారు. కాబట్టి ఎవరు ఎంత గట్టిగా తొక్కారన్నది ఒక్కటే చూస్తే చాలదు, మలుపుకు ముందు ఎవరు ఎక్కడ కాలు తీశారన్నది కూడా చూడాలి. దిగుడులో ఇంజిన్ ఆపేసి బండిని జారనిచ్చే మన ఆటోడ్రైవర్లకు ఈ లెక్క కొత్తగా నేర్పక్కర్లేదు.

ఆ రోజు ఆ లెక్క బాగా కుదిరింది ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్‌కు. అప్పటికే రెండుసార్లు చాంపియన్. చివరి లాప్‌లలో వెనక తరుముతున్న నిక్ కాసిడీ కారులో చార్జింగ్ ఎక్కువ మిగిలి ఉంది. 2.83 కిలోమీటర్ల ట్రాక్, 18 మలుపులు. దారి ఇవ్వకుండా, ఉన్న చార్జింగ్ అయిపోకుండా వెర్న్ కాచుకుంటూ వచ్చి అర సెకను కూడా లేని తేడాతో గెలిచాడు. అంతకుముందే జాగ్వార్ జట్టు తన కొంప తానే ముంచుకుంది. పోల్ పొజిషన్ (అందరికంటే ముందు వరస) నుంచి బయల్దేరిన మిచ్ ఎవాన్స్‌ను హెయిర్‌పిన్ (దాదాపు వెనక్కి తిరిగే) మలుపులో గుద్దింది సొంత జట్టు సహచరుడు శామ్ బర్డే. ఇద్దరి రేసూ అక్కడితో సరి. జెండా ఊపాక కూడా ఫలితం మారింది. మూడోవాడిగా వచ్చిన సెబాస్టియన్ బ్యూమీ అనుమతించిన దానికంటే ఎక్కువ పవర్ వాడాడని తేలడంతో పెనాల్టీ పడి, పాయింట్లు లేని స్థానానికి జారిపోయాడు. ఆ చోటు అంటోనియో ఫెలిక్స్ డ కోస్టాకు దక్కింది. మన దేశపు జట్టు మహీంద్రా తరఫున ఆలివర్ రోలండ్ ఆరో స్థానంలో నిలిచాడు. ఇన్ని జరిగినా మర్నాడు ఫోన్లలో తిరిగింది మాత్రం రామ్ చరణ్ ఆనంద్ మహీంద్రాకు స్టెప్పు నేర్పిన వీడియోనే. మన ఊరి సంగతి అది!

2013 అక్టోబరులో నోయిడా దగ్గరి బుద్ధ సర్క్యూట్‌లో వెటెల్ గెలిచిన ఫార్ములా వన్ రేస్ తర్వాత అంత పెద్ద పోటీ మన దేశానికి రావడం అదే. నెక్లెస్ రోడ్డు, లుంబినీ పార్కు, అప్పటికింకా ప్రారంభం కాని కొత్త సచివాలయం పక్కనుంచి కార్లు దూసుకెళ్తుంటే చూడముచ్చటగానే ఉంది. రెండో రేస్ 2024 ఫిబ్రవరి 10న జరగాల్సింది. జరగలేదు. సుమారు అయిదు వారాల ముందు, జనవరి 5న, రద్దు చేస్తున్నట్టు ఫార్ములా ఈ ప్రకటించింది. రాష్ట్ర మున్సిపల్ శాఖ ఒప్పందాన్ని నిలబెట్టుకోలేదని ఆరోపించింది.

ఆ ఒప్పందం మీద సంతకాలైన తేదీ 2023 అక్టోబరు 30. అప్పటికి ఎన్నికల కోడ్ అమల్లో ఉంది, పోలింగ్‌కు నెల రోజులే గడువు. అంత హడావుడిగా చేయాల్సిన పని అదేనా? డిసెంబరులో వచ్చిన కొత్త ప్రభుత్వం ప్రశ్నలు వేయడంలో తప్పు లేదు. ఈ రేస్ కోసం చేసిన చెల్లింపుల మీద 2024 డిసెంబరులో ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) కేసు పెట్టింది. అందులో తప్పొప్పులు తేల్చాల్సింది కోర్టు, దాని మీద మేం తీర్పు చెప్పబోవడం లేదు. మా అభ్యంతరం వేరు. రేస్ రావడం, పోవడం రెండూ నాలుగు గోడల మధ్యే తేలిపోయాయి. రోడ్డు మాత్రం జనానిది.

రోడ్లు మూయడం ఈ నగరానికి కొత్త కాదు. ఏటా నిమజ్జనానికి ట్యాంక్‌బండ్ చుట్టుపక్కలంతా మూస్తాం. ట్రాఫిక్‌లో ఇరుక్కుని విసుక్కుంటాం, అయినా సర్దుకుంటాం. ఎందుకంటే ఆ పండగ మనది, చూడటానికి టికెట్ లేదు. రేస్‌కు టికెట్ వెయ్యి రూపాయల నుంచి మొదలైంది. బ్యారికేడ్ల అవతల చుట్టుతిరిగి ఆఫీసుకు, ఆస్పత్రికి వెళ్లినవాళ్లకు ఇందులో తమకేం వచ్చిందని అడిగే హక్కు ఉంది. తొలి రేస్ వల్ల ఈ ప్రాంతానికి దాదాపు 8.4 కోట్ల డాలర్ల ప్రయోజనం కలిగిందని నిర్వాహకులు చెప్పుకున్నారు. అందులో హోటల్ గదుల అద్దె ఎంత, టీవీలో కనిపించిన ఊరి పేరుకు కట్టిన వెల ఎంత అని విడదీసి అడిగి, ఆ లెక్క జనం ముందు పెట్టాల్సింది. లాభమైతే రేస్ ఎందుకు వద్దో చెప్పాలి, నష్టమైతే మొదట ఎందుకు తెచ్చారో చెప్పాలి.

చెన్నై సంగతి చూడండి. 2023 డిసెంబరులో అక్కడి వీధి రేస్‌కు మిచౌంగ్ తుపాను అడ్డుపడింది. వదిలేయకుండా 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ రాత్రిపూట నడిపించారు. అది ఫార్ములా ఈ స్థాయి పోటీ కాదు. కానీ ఇరుంగాట్టుకోట్టైలో ఏళ్ల తరబడి నడుస్తున్న ట్రాక్, కోయంబత్తూరులో కారి స్పీడ్‌వే ఉన్న రాష్ట్రం కాబట్టి వీధి రేస్ ఆగిపోయినా ఆట ఆగదు. మన దగ్గర ఆ పునాదే లేదు. అనిందిత్ రెడ్డి లాంటి హైదరాబాద్ రేసర్ ఎదిగాడంటే అది బయటి ఊళ్ల ట్రాక్‌ల మీదే. ఒక మధ్యాహ్నం తళుకు కోసం కోట్లు పెట్టేముందు, పిల్లలు కార్ట్‌తో (చిన్న రేసు బండితో) మొదలుపెట్టి పైకి వెళ్లగలిగే ఒక మామూలు ట్రాక్ ఖర్చెంతో సర్కారు ఎప్పుడైనా లెక్కేయించిందా?

రేపు ఏ ప్రభుత్వమైనా మళ్లీ ఇలాంటి పోటీ తేవచ్చు, మేం వద్దనం. ఒప్పందం కాపీని సంతకానికి ముందే అసెంబ్లీలో పెట్టాలి. ఎన్ని రోజులు ఏ రోడ్లు మూస్తారో, మధ్యలో మానుకుంటే ఎవరు ఎంత కట్టాలో అందులో తెలుగులో రాసి ఉండాలి.